నెల తప్పాక మొదలయ్యే లెక్క

కుటుంబ నియంత్రణలో ఆంధ్రప్రదేశ్ ఎప్పుడో పరీక్ష పాసైన రాష్ట్రం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఇక్కడ ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా స్థిరంగా ఉండాలంటే కావలసిన 2.1 కంటే ఇది బాగా తక్కువ. ఢిల్లీలో జనాభా మీద సమావేశం జరిగితే మనకు మెచ్చుకోళ్లే గానీ చీవాట్లు ఉండవు. అయితే అదే సర్వేలో ఇంకో పట్టిక ఉంది. 15 నుంచి 19 ఏళ్ల వయసున్న అమ్మాయిల్లో ఎంతమంది అప్పటికే తల్లులయ్యారు, లేదా కడుపుతో ఉన్నారు అని అడిగితే ఆంధ్రలో 12.6 శాతం. దేశ సగటు 6.8. ఒక్కో స్త్రీకి ముగ్గురు పిల్లలున్న బీహార్‌లో 11. అంటే పిల్లల్ని తక్కువ కనడంలో ముందున్న మనం, పిల్లలే పిల్లల్ని కనడంలో బీహార్‌నూ దాటిపోయాం.

ఇంకా విడ్డూరం, 2015–16 సర్వేలో ఈ అంకె 11.8గా ఉండేది. ఆ ఐదేళ్లలో పద్దెనిమిది నిండకుండా జరిగే పెళ్లిళ్లు 33 శాతం నుంచి 29.3కి తగ్గాయి. పెళ్లిళ్లు తగ్గితే కాన్పులూ తగ్గాలి కదా. తగ్గలేదు సరికదా కాస్త పెరిగాయి. బాల్యవివాహాలు ఆపితే చాలు, మిగతాది దానంతటదే సర్దుకుంటుందనే వాదనకు ఈ రెండు అంకెలూ ఒదగవు.

అనంతపురం ఈ కథకు నడిబొడ్డు. బాల్యవివాహాల్లో రాష్ట్ర సగటు కంటే పైనున్న జిల్లాల్లో ఇదొకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది గానీ, ఈ విషయంలో రెండు ముక్కలదీ ఒకే ముఖం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదీ శెనక్కాయ ఊడ దిగే వేళకు మొహం చాటేసే వాన. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిపిల్లలు కూడా చెప్తారు. పంట పోతే బెంగళూరు, కేరళ. మొగుడూ పెండ్లామూ బేల్దారి పనికి పోతే, పెద్దమనిషైన పిల్లను అవ్వాతాతల దగ్గర ఎన్నాళ్లని వదలాలి? ఊర్లో పదో తరగతి అయిపోతుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది, బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ బస్సులో ఎవరితోనో మాట్లాడిందన్న మాట ఇంటికి చేరిందంటే సంబంధాలు చూడటం మొదలవుతుంది. మేనమామో, మేనత్త కొడుకో ఉంటే చూడటం కూడా అక్కర్లేదు. ఆంధ్రలో ఇప్పటికీ దాదాపు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి దగ్గరి చుట్టరికంలోనే జరుగుతోంది. వలసకు పోయే ముందు పిల్ల పెళ్లి చేసి పోవడం తల్లిదండ్రుల దృష్టిలో నేరం కాదు, బాధ్యత. వాళ్లను మూఢులని తిట్టిపోసే వ్యాసాలు చాలా వచ్చాయి. వాటిని చదివి పెళ్లి వాయిదా వేసుకున్న కుటుంబం ఒక్కటైనా ఉంటుందా అని నా అనుమానం.

మరి పెళ్లయ్యాక ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు మనకు ఒక అరుదైన ఆధారం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ పరిశోధన 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రలో మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటాడింది. ఆ పిల్లలున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. 1994–95లో పుట్టిన పెద్ద బృందం పిల్లలకు 19 ఏళ్లు వచ్చేసరికి అమ్మాయిల్లో మూడో వంతుకు పైగా పెళ్లయిపోయింది. అలా పెళ్లయినవాళ్లలో సగానికి పైగా అప్పటికే ఒక బిడ్డకు తల్లులు. ఆ తర్వాత ఈ పరిశోధకులే చిన్న వయసు దంపతులతో విడిగా మాట్లాడారు. పెళ్లయిన వెంటనే కడుపు పండాలన్న ఒత్తిడి, అడ్డుకునే మార్గాలు తెలియకపోవడం, తెలిసినా అడిగే చొరవ లేకపోవడం అక్కడ మళ్లీ మళ్లీ బయటపడ్డాయి.

పరిశోధన లేకపోయినా మనకు తెలియని సంగతి కాదు. పెళ్లయిన మూడో నెలకే ‘ఏమన్నా విశేషమా?’ అని అడగని చుట్టం ఉండదు. ఆరో నెలకు అత్త గొణుగుతుంది. ఏడాది దాటితే గుడులు, మొక్కులు, కొందరికి ఇంకో సంబంధం ఊసు కూడా. పదిహేడేళ్ల కోడలికి అత్తగారింట్లో కాలు నిలవాలంటే బిడ్డే ఆధారం. అలాంటి పిల్లతో ‘రెండేళ్లు ఆగమ్మా, రక్తం తక్కువుంది’ అని చెప్పి చూడండి. ఆగడం ఆమె చేతిలో లేదు. మొగుడి చేతిలో సగం, అత్త చేతిలో సగం ఉంది. రక్తం మాట ఊరికే అనలేదు. రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనులు. ఆ ఒంటితో మోసే గర్భానికి గుర్రపువాతం, తక్కువ బరువు బిడ్డ, కాన్పు కష్టం కావడం వంటివన్నీ ఇరవై దాటిన తల్లికంటే ఎక్కువ.

ఇక్కడే ప్రభుత్వ వైద్యం కథ విడ్డూరంగా ఉంటుంది. ఆంధ్రలో పెళ్లయిన స్త్రీలలో 69.6 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఈ వాటా 37.9 శాతం. మాత్రలు, నిరోధ్, లూప్, మగవాళ్ల ఆపరేషన్, ఇంటి పద్ధతులు అన్నీ కలిపి లెక్కేసినా రెండు శాతం లోపే. ఇంత ఒంటిస్తంభం మేడ దేశంలో ఇంకోటి దొరకదేమో. ఇది ఎలా వచ్చిందో చెప్పడం కష్టమేమీ కాదు. 1997లో రాష్ట్రం సొంతంగా జనాభా విధానం ప్రకటించింది. డ్వాక్రా సంఘాలు, రెవెన్యూ యంత్రాంగం, ఆరోగ్య సిబ్బంది అంతా ఆపరేషన్ల లక్ష్యాల వెంట పరుగెత్తారు. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్. ఆ బాట ఎంత గట్టిగా పడిందంటే, ఆపరేషన్‌కు ముందు వేరే పద్ధతులు ఉన్నాయన్న స్పృహే చాలా ఇళ్లలో లేదు. నా వాదన మొత్తం ఇదే: మన దగ్గర గర్భనిరోధం కాన్పుల్ని ముగించడానికి పుట్టింది. ఎప్పుడు మొదలుపెట్టాలో అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు, ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు గనక.

2016లో కేంద్రం ‘మిషన్ పరివార్ వికాస్’ పేరుతో కుటుంబ నియంత్రణ సేవల్ని ముమ్మరం చేసినప్పుడు సంతానం రేటు మూడుకు పైనున్న 146 జిల్లాల్ని ఎంచుకుంది. అవన్నీ ఉత్తరాదిలోనూ అస్సాంలోనూ ఉన్న ఏడు రాష్ట్రాలవి. కొత్త దంపతులకు ప్రత్యేక కిట్లు, అత్తాకోడళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే సమావేశాలు అందులో భాగం. 1.7 ఉన్న రాష్ట్రానికి అవెందుకు అనుకున్నారు. అనంతపురం పల్లెలో అత్తాకోడళ్లను కూర్చోబెట్టే పని ఎవరి డ్యూటీలోనూ రాలేదు.

అలాగని మందులు లేవా అంటే ఉన్నాయి. పి.హెచ్.సి.లో మాలా-ఎన్ మాత్రలు, నిరోధ్, కాపర్-టి ఎప్పటినుంచో ఉచితం. 2017లో ‘అంతర’ ఇంజెక్షన్, ‘ఛాయా’ మాత్రలు చేరాయి. మూడు నెలలకొకసారి వేయించుకునే అంతరను ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడవచ్చు, అదే దాని బలం. ఆపేశాక మళ్లీ కడుపు రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, ఆ మాట ముందే చెప్పకపోతే అదే దాని చెడ్డపేరు. ఛాయా మనదేశపు మాత్ర. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో తయారైంది, అందులో హార్మోన్లు లేవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. రోజూ గుర్తుపెట్టుకుని మింగాల్సిన పని లేదు గనక దిండు కింద మాత్రల అట్ట దొరుకుతుందన్న భయం తక్కువ. నిరోధ్ ఒక్కటే సుఖవ్యాధుల్నీ, హెచ్.ఐ.వి.నీ కూడా ఆపగలిగేది. 2011 నుంచి ఆశా కార్యకర్తలు వీటిలో కొన్నిటిని ఇంటికే తెచ్చి రూపాయికీ రెండు రూపాయలకీ ఇచ్చే ఏర్పాటుంది.

ఇవేవీ చిన్న వయసుకు పనికిరావన్న నమ్మకం పల్లెలోనే కాదు, కొందరు డాక్టర్లలోనూ ఉంది. బిడ్డ పుట్టకముందు మాత్రలు వేసుకుంటే గర్భసంచి ఎండిపోతుందని అవ్వ చెప్తే, ‘ముందు ఒకటి కననీ, తర్వాత చూద్దాం’ అని నర్సమ్మ చెప్తుంది. రెండింటి ఫలితం ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మాత్రం తేటగా ఉన్నాయి: వయసు తక్కువన్న ఒక్క కారణంతో ఏ పద్ధతినీ నిరాకరించకూడదు. ఇంజెక్షన్ దీర్ఘకాలం వాడే చిన్నపిల్లల్లో ఎముకల బలం మీద కాస్త కన్నేసి ఉంచాలి, లూప్ వేసేముందు ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకోవాలి. అంతే తేడా.

ఇక చట్టం. పద్దెనిమిది నిండని అమ్మాయి పెళ్లిని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం నేరమంటుంది గానీ ఆ పెళ్లి చెల్లదని నేరుగా అనదు. కావాలంటే అమ్మాయే మేజరైన రెండేళ్లలోపు కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి. మడకశిర దాటి పావగడలో అడుగుపెడితే సంగతి వేరు. కర్ణాటక 2016 నాటి సవరణతో అలాంటి పెళ్లి మొదటినుంచీ చెల్లనిదే. ఇటు పెళ్లికూతురు, అటు పెళ్లికొడుకు ఉన్న సంబంధాలు ఈ సరిహద్దులో కొల్లలు. ఆ తేడా తెలిసిన పురోహితుడెవరైనా ఉన్నాడా?

2012లో వచ్చిన పోక్సో చట్టం సమ్మతి వయసును పద్దెనిమిది చేసింది. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు భార్య అయినా సరే పద్దెనిమిది లోపుంటే మినహాయింపు లేదంది. న్యాయంగా చూస్తే అది సరైన తీర్పే. ఆచరణలో అది ఆరోగ్య కేంద్రం గుమ్మం దగ్గర కొత్త ముడి వేసింది. పదిహేడేళ్ల పిల్ల నెల తప్పి వస్తే పోలీసులకు చెప్పడం సిబ్బంది విధి. చెప్పకపోతే సిబ్బందిదే నేరం. చెబితే మొగుడు జైలుకు, మామ మేనమామ కూడా కావచ్చు, ఆయనా స్టేషన్‌కు. దాంతో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి, తల్లీబిడ్డల కార్డులో వయసు పద్దెనిమిదో పందొమ్మిదో అని రాయడం. రెండోది, ఆసుపత్రి మెట్లే ఎక్కకపోవడం. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అందరూ ఆ పిల్లను కాపాడాలనే చూస్తున్నారు, చివరికి ఆమె ఏ లెక్కలోనూ లేకుండా పోతోంది.

గర్భం కాకముందే వచ్చి మాత్రలు అడిగే మైనరు సంగతి ఇంకా చిక్కు. ఆమె అడగడమే ‘నేరం’ జరుగుతోందన్న సమాచారం అవుతుంది. ఆరోగ్య సిబ్బంది రాసుకునే అర్హ దంపతుల రిజిస్టరులో ఆమె పేరు రాస్తే బాల్యవివాహాన్ని కాగితం మీద ఒప్పుకున్నట్టు. రాయకపోతే ఆమెకు మాత్రలు ఇవ్వాలని గుర్తుచేసే కాగితమే ఉండదు. కాన్పుకు వస్తే మాత్రం తప్పకుండా రాస్తారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు కొంత ఊపిరి ఇచ్చింది. ఇష్టపూర్వకంగా కలిసిన మైనరు గర్భస్రావానికి వస్తే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరూ గుర్తింపూ డాక్టరు చెప్పనక్కర్లేదంది. అదే తీర్పు పెళ్లి కాని స్త్రీలకూ 24 వారాల వరకు హక్కు ఉందని చెప్పింది. కానీ మైనరుకు సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలన్న నిబంధన అలాగే ఉంది. నాన్నకు చెప్పలేకే కదా ఆ పిల్ల ఒంటరిగా వచ్చింది. ఈ తీర్పు మండల స్థాయి ఆసుపత్రికి ఒక సర్క్యులర్‌గా, అర్థమయ్యే తెలుగులో చేరాలి. తీర్పు చదివి అమలు చేయమంటే డ్యూటీలో ఉన్న డాక్టరు చేయడు, చేయలేడు. సమ్మతి వయసు తగ్గించాలా అన్న ప్రశ్నకు లా కమిషన్ 2023లో వద్దనే జవాబిచ్చింది. అది వద్దనుకున్నా, మందులిచ్చినందుకు నర్సుకు కేసు భయం లేకుండా చేయడం వేరే పని. దాన్ని దీనికి ముడిపెట్టనక్కర్లేదు.

పెళ్లికాని పిల్లల మాటకొస్తే అక్కడ మెడికల్ షాపే ఆసుపత్రి. 72 గంటల మాత్ర చీటీ లేకుండా దొరుకుతుంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు, కడుపు నిలిచాక పనిచేయదు, నెలకు నాలుగుసార్లు మింగే మాత్ర కాదు. ఈ మూడు ముక్కలు షాపులో చెప్పేవాళ్లు అరుదు. గర్భం పోయే మాత్రలు చీటీ లేకుండా అమ్మకూడదు, తొమ్మిది వారాలు దాటితే ఇంట్లో వాడకూడదు. అమ్మకాలు మాత్రం ఆగవు. అధిక రక్తస్రావంతో పెద్దాసుపత్రికి వచ్చాక ‘కడుపు దానంతటదే పోయింది’ అన్న మాట కేస్‌షీటులోకి ఎక్కుతుంది. మగపిల్లాడికి ఈ కథలో పాత్రే లేనట్టు ఉంటుంది. వాడికి తెలిసిందంతా ఫోన్ నేర్పింది, ఫోన్ నేర్పేది ఏమిటో పెద్దలకు తెలియనిది కాదు.

బడి నేర్పొచ్చు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, అందులో గర్భనిరోధ సాధనాల పేర్లున్నాయి. అది పరీక్షల పాఠమే అయినా ఆడ మగ పిల్లలు కలిసున్న తరగతిలో సారు ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేస్తాడు. ఆయన ఇబ్బంది నాకు అర్థమవుతుంది, ఆయనకూ ఎవరూ నేర్పలేదు. అసలు సమస్య పాఠం వచ్చే సమయం. పదిహేనేళ్లకు వచ్చే పాఠం పద్నాలుగేళ్లకే బడి మానేసి శెనక్కాయ కోతకు పోయిన పిల్లకు అందదు. 2022లో మొదలైన కల్యాణమస్తు పథకం పెళ్లి సాయానికి వధువు వయసు పద్దెనిమిది, ఇద్దరికీ పదో తరగతి పాస్ అని షరతు పెట్టింది. ఆ షరతు మంచిదే. కానీ పద్దెనిమిది నిండిన మర్నాడు పెళ్లయి, పందొమ్మిదికి తల్లయిన పిల్లను అది ఆపలేదు, ఆపడం దాని ఉద్దేశమూ కాదు.

ఈ రాష్ట్రం ఒకప్పుడు ఈ విషయాల మీద నోరు విప్పింది. 2000ల మొదట్లో ఎయిడ్స్ భయం కమ్ముకున్నప్పుడు పులిరాజా ప్రకటనలు గోడలకెక్కాయి. సెంటర్లో నలుగురు నిలబడి నవ్వుకుంటూ కండోమ్ గురించి మాట్లాడుకున్నారు. మూడు, నాలుగేళ్ల తర్వాత, 2007లో, పొరుగు కర్ణాటకతో సహా అనేక రాష్ట్రాలు బడుల్లో కౌమార విద్యను సంస్కృతి పేరుతో ఆపేశాయి. అనంతపురానికి ఎయిడ్స్ భయం పుస్తకంలోది కాదు. కదిరి పరిసరాల నుంచి ఆడపిల్లల్ని పని చూపిస్తామని ఢిల్లీ, పుణే, ముంబై వేశ్యావాటికలకు అమ్మిన చరిత్ర ఉంది. అలా వెళ్లి తిరిగొచ్చినవాళ్లతో కదిరిలోని రెడ్స్ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. రాయదుర్గం వైపు ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేసే బసివి ఆచారం 1988 చట్టంతో నేరమైంది గానీ వెంటనే చావలేదు. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆసుపత్రి వేల మంది హెచ్.ఐ.వి. రోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేసింది, వాళ్ల వివరాల మీద అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వెలువడ్డాయి. భర్త నుంచి అంటుకున్న భార్యలు ఆ రోగుల్లో చాలామంది. భయం తగ్గాక మాట కూడా తగ్గిపోయింది. చావు భయం ఉంటేనే శృంగారం గురించి మాట్లాడగలిగిన సమాజం, ఆరోగ్యం కోసం మాట్లాడటం నేర్చుకోలేదు.

బయటి దేశాల పాఠాలు చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలి. ఇంగ్లండ్ 1999లో మొదలుపెట్టిన కార్యక్రమంతో పదిహేనేళ్లకు టీనేజీ గర్భాల్ని సగానికి తగ్గించింది. థాయ్‌లాండ్ 2016లో ఏకంగా చట్టం చేసి సమాచారం, సేవలు పిల్లల హక్కన్నది. కానీ ఇంగ్లండులో ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది పెళ్లికానివాళ్లు. మన దగ్గర దాదాపు అందరూ మెడలో తాళి ఉన్నవాళ్లు. అక్కడ పిల్లకు చెబితే సరిపోయింది. ఇక్కడ అత్తకు చెప్పాలి.

ముగింపు ఎలా ఉంటుందో కూడా చూడాలి. పదిహేడుకు ఒకటి, పందొమ్మిదికి ఒకటి, ఇరవై ఒకటికో రెండుకో ఆపరేషన్. ముప్పై దాటాక తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే గర్భసంచి తీసేయడం. దేశంలో గర్భసంచి తొలగింపులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రే. పాతికేళ్లకే పిల్లల పని అయిపోయిన స్త్రీకి ఆ సంచితో పనేముందని ఆమే అంటుంది, డాక్టరూ అంటాడు. ఇన్ని ఇళ్లలో ఇదే వరుస కనిపిస్తుంటే ఇది ఆమె ‘ఎంపిక’ అనడానికి నాకు మనసొప్పదు.

ఈ మధ్య గాలి తిరిగింది. జనాభా తగ్గిపోతోందని ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమంటున్నారు. 1994 నుంచీ ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను స్థానిక ఎన్నికలకు 2024 నవంబర్‌లో ఎత్తేశారు. నిబంధన పోవడం మంచిదే, అది ఎక్కువగా దెబ్బకొట్టింది పేద, దళిత స్త్రీలనే. అయితే ఆపరేషన్ల లక్ష్యం పోయి కాన్పుల లక్ష్యం వస్తే, పదిహేడేళ్ల కోడలి మీద అత్త గొంతుకు సర్కారు గొంతు తోడవుతుంది.

చేయగలిగింది ఏమిటని అడిగితే నా దృష్టిలో ఆషాఢ మాసం ఒక అవకాశం. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉంటుంది. ఆ ఎడబాటుకు పెద్దలు చెప్పే కారణాల్లో ఎండాకాలం కాన్పు తప్పించడం ఒకటి. అంటే కాన్పును వాయిదా వేయడం ఈ నేలకు కొత్త కాదు. అత్త ఎదురుగా లేని, అమ్మ పక్కనున్న ఆ నెలలో ఆశా కార్యకర్త ఒక్కసారి ఇంటికి పోయి ఛాయా అట్ట, నిరోధ్ పొట్లం, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి, వాడకం చెప్పి రావచ్చు. ఆ సందర్శనకు కాన్పు చేయించినందుకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వాలి. వయసు అడిగి రాయాల్సిన గడి ఆ ఫారంలో ఉండకూడదు.